రక్తం, ఎముకల మీద ఒక శాస్త్రవేత్త రాసిన పేపర్లను ఎలా చదవాలి?

ఎముక మూలుగ మీద వార్తలు బోలెడు దొరుకుతాయి. వాటి వెనకున్న అసలు పేపర్లు తెరవాలంటేనే చాలామందికి టెన్షన్. డాక్టరీ చదవకపోయినా వాటిలో చాలావరకు అర్థం చేసుకోవచ్చు. ఏదో ఒక్క పేపర్ పట్టుకోవడం కన్నా, ఒకే మనిషి పనిని ఏళ్ల వరసలో చదవడం మేలని నా అభిప్రాయం. ఉదాహరణకి అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో పనిచేసిన లారా కాల్విని తీసుకుందాం. ఆవిడ హార్మోన్ల డాక్టర్.

1. పేపర్లు వెతకండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే పబ్‌మెడ్ సైట్ ఉచితం. ముందు ఇంటిపేరు, తర్వాత పొడి అక్షరాలు కొట్టండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు (మన రావులు, రెడ్లతో అయితే మరీ గొడవ), కాబట్టి పనిచేసే సంస్థ కూడా చూసుకోండి. ఫలితాలను తేదీల వరసలో పెట్టుకోండి.

2. ముందు ఒక రివ్యూ వ్యాసం, అంటే ఒక విషయం మీద అప్పటిదాకా వచ్చిన పేపర్ల సారాంశం, చదవండి. పక్కనున్న ఫిల్టర్లలో 'రివ్యూ', 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' టిక్ చేస్తే చాలు. నాలుగైదు మాటలు పట్టుబడితే మిగతాది తేలికవుతుంది. మటన్‌లో మూలుగ బొక్క జుర్రుకునేవాళ్లకి ఎముక లోపల ఏముంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లలో రక్తకణాలు దాదాపు అన్నీ పుట్టేది ఆ మూలుగలోనే, రక్త మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి. ఎముకను కట్టేవి ఆస్టియోబ్లాస్టులు, కరిగించేవి ఆస్టియోక్లాస్టులు. మూలకణాలను కాపాడే ప్రత్యేకమైన చోటు ఒకటి ఉంటుందని 1978లో స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. దాన్నే నిష్ అంటారు.

3. పేరొచ్చిన పేపర్‌ను బొమ్మల నుంచి మొదలుపెట్టండి. కాల్విది 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. రచయితల్లో మొదటి పేరు ఆవిడది. చివరి పేరు డేవిడ్ స్కాడెన్‌ది. ఇలాంటి పేపర్లలో మొదటి పేరు సాధారణంగా ఎక్కువ పని చేసినవాళ్లది, చివరిది ల్యాబ్ పెద్దది. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి అడగాల్సినవి: ప్రయోగం ఎవరి మీద? ఏం మార్చారు? దేనితో పోల్చారు? ఇక్కడ ఎలుకల మీద. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ ఆస్టియోబ్లాస్టుల్లో ఎప్పుడూ పనిచేస్తూనే ఉండేలా జన్యువును మార్చారు. ఆ ఎలుకల్లో ఎముక కణాలతోపాటు రక్త మూలకణాలూ పెరిగాయి. మామూలు ఎలుకలకు ఆ హార్మోన్ ఇచ్చినా మూలకణాలు పెరిగాయి. అంటే ఆ నిష్‌లో ఆస్టియోబ్లాస్టులకూ పాత్ర ఉందన్నమాట.

4. 'పెరిగాయి' అంటే ఎలా కొలిచారో చూడండి. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. కణం మీది గుర్తులను బట్టి లెక్కపెట్టడం ఒక పద్ధతి. అంతకంటే గట్టిది, రేడియేషన్‌తో మూలుగ దెబ్బతిన్న ఎలుకకి ఆ కణాలు ఎక్కించి, కొన్ని నెలలు రక్తం తయారవుతూనే ఉందా అని చూడటం. మెథడ్స్ భాగం మొత్తం చదవకపోయినా ఈ ముక్క వెతకండి.

5. అక్కడితో ఆగకండి. పబ్‌మెడ్‌లో పేపర్ కింద 'సైటెడ్ బై' జాబితా, అంటే దాన్ని ప్రస్తావించిన తర్వాతి పేపర్ల జాబితా, ఉంటుంది. 2005లో షాన్ మోరిసన్ అనే మరో శాస్త్రవేత్త బృందం, చాలా మూలకణాలు మూలుగలోని రక్తనాళాల పక్కన ఉన్నాయని చూపింది. మూలకణాలకు అవసరమైన ఎస్‌సీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆస్టియోబ్లాస్టుల్లో తీసేసినా మూలకణాలకు నష్టం లేదని, రక్తనాళాల కణాల్లో, వాటి చుట్టూ ఉండే కణాల్లో తీసేస్తే తగ్గాయని 2012లో అదే బృందం రాసింది. మరి కాల్వి ఏమన్నారు? అదే ఏడాది బ్లడ్ పత్రికలో వచ్చిన ఆవిడ పేపర్ చూడండి. ఈసారి రిసెప్టర్‌ను ఆస్టియోసైట్లలో, అంటే ఎముకలో కూరుకుపోయి ఉండే కణాల్లో మార్చారు. ఆస్టియోబ్లాస్టులు పెరిగాయి, రక్త మూలకణాలు పెరగలేదు. ఆస్టియోబ్లాస్టులు పెరిగినంత మాత్రాన సరిపోదని ఆవిడే తేల్చారు. 2003 పేపర్ ఒక్కటే చదివినవాళ్లకి ఈ మలుపు తెలియదు.

6. ఎలుకల నుంచి మనుషుల దాకా వచ్చిందా? 'క్లినికల్ ట్రయల్' ఫిల్టర్ పెట్టి హార్మోన్ పేరుతో వెతకండి. బొడ్డుతాడు రక్తం ఎక్కించిన రోగులకు పారాథైరాయిడ్ హార్మోన్ ఇచ్చిన చిన్న ట్రయల్ ఒకటి 2012లో వచ్చింది. అందులో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఎముకల బోలుతనానికి వాడే టెరిపారటైడ్ ఈ హార్మోన్‌లోని ఒక ముక్కే. అలాగని రక్తం పెరుగుతుందని ఎవరైనా ఆ ఇంజెక్షన్ వేయించుకోమంటే వినకండి.

7. కొత్త పేపర్ల కోసం మాటిమాటికీ వెతకక్కర్లేదు. పబ్‌మెడ్‌లో వెతికే పెట్టె కింద 'క్రియేట్ అలర్ట్' ఉంటుంది. ఉచిత ఖాతా తెరిచి అది నొక్కితే, ఆ పేరుతో ఏది వచ్చినా మెయిల్‌కి వస్తుంది.