హాఫ్‌పైప్ చూడటం ఎలా? ముందు కాళ్ళు చూడండి

2022 బీజింగ్ ఒలింపిక్స్ స్నోబోర్డ్ హాఫ్‌పైప్ ఫైనల్లో జపాన్ కుర్రాడు అయుము హిరానో రెండో రన్‌కి (పై నుంచి కింది దాకా ఒకసారి జారితే అదొక రన్) వందకి 91.75 పడగానే "ఇదెక్కడి అన్యాయం!" అంటూ కుర్చీలోంచి లేచాను. పక్కన మా అన్నయ్య కూతురు. అది టీవీ కేసి చూసి, నా కేసి చూసి, తాపీగా అడిగింది: "బాబాయ్, ఇందాకటాయనా తిరిగాడు, ఈయనా తిరిగాడు. ఇందులో అన్యాయం ఎక్కడుంది?"

నోట మాట రాలేదు. "అంటే... ఈయన మూడుసార్లు తలకిందులయ్యాడు కదా" అని నీళ్ళు నమిలాను. నా బతుకుతెరువు వీడియో ఎడిటింగ్. రోజంతా ఫ్రేములు లెక్కపెట్టేవాణ్ణి, గాల్లో రెండు సెకన్ల పాటు ఏం జరిగిందో పిల్లకి చెప్పలేకపోయాను. ఆ ఉక్రోషంతో పాత రికార్డింగులు ముందేసుకుని కూచున్నాను. అప్పుడు పట్టుబడిన పద్ధతే ఇది.

ఒక హెచ్చరిక. తాజా పోటీతో మొదలుపెట్టకండి, ఇవాళ్టి రన్‌లు కంటికి అందవు. పాతవి చూస్తూ వస్తే కన్ను సానపడుతుంది. నా వరస, అన్నీ ఒలింపిక్ ఫైనళ్ళే: నగానో 1998, సాల్ట్ లేక్ 2002, వాంకూవర్ 2010, ప్యాంగ్‌చాంగ్ 2018, ఆఖర్న బీజింగ్ 2022. ఒక్కోదాంట్లో గెలిచిన రన్ చాలు. అర నిమిషం అటూ ఇటూ ఉంటుంది గనక, ఒక్కోటి ఐదారుసార్లు చూసినా కాఫీ చల్లారదు.

మొదటిసారి: గోడ

మనిషిని వదిలేసి గోడ చూడండి. హాఫ్‌పైప్ అంటే నిలువునా చీల్చిన వెదురుబొంగులాంటి మంచు కాలవ, కొండవాలు మీద పడుకోబెట్టి ఉంటుంది. రెండు కాళ్ళూ ఒకే పలకకి బిగించుకుని జారుతూ ఒక గోడ ఎక్కి, అంచు దాటి గాల్లోకి లేచి, తిరిగి అదే గోడ మీద దిగి, అడుగున దూసుకుపోయి ఎదుటి గోడ ఎక్కుతారు. అలా ఐదారుసార్లు. "ప్రతి గోడ దగ్గరా వెనక్కి తిరుగుతున్నారు, మరి కిందికెలా పోతున్నారు?" అంది మా పిల్ల. కాలవ మొత్తం 18 డిగ్రీల దాకా వాలి ఉంటుంది; గోడకి నిటారుగా కాకుండా ఏటవాలుగా వెళ్తారు కాబట్టి లేచిన ప్రతిసారీ కొంత కిందికి జారతారు.

గోడ ఎందుకంటే, ఈ ఆట చరిత్రలో సగం గోడ చరిత్రే. 1979లో కాలిఫోర్నియాలోని టాహో సిటీలో, ఊరి చెత్త పోసే చోటు దగ్గర, మార్క్ అనోలిక్ అనే కుర్రాడి కంటికి మంచు నిండిన ఒక కాలవ కనపడింది. బాబ్ క్లైన్, టెర్రీ కిడ్‌వెల్ లాంటివాళ్ళు జతకలిశారు. పారలు పట్టుకుని తవ్వారు, చెక్కారు. స్కేట్‌బోర్డు మీద కొలనుల గోడలెక్కే అలవాటున్న పిల్లలకి మంచులో గోడ దొరికిందన్నమాట, అంతకంటే పెద్ద పథకమేమీ లేదు. నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. ఒలింపిక్ పతకాలిచ్చే ఆటకి పుట్టిల్లు చెత్తకుప్ప పక్కన!

1983లో స్నోబోర్డులు తయారుచేసే టామ్ సిమ్స్ కాలిఫోర్నియాలోని సోడా స్ప్రింగ్స్‌లో పెట్టిన ప్రపంచ పోటీల్లో హాఫ్‌పైప్‌కీ చోటిచ్చాడు. బోర్డులు చేసే మరో ఆసామి జేక్ బర్టన్ జట్టు దీనికి అభ్యంతరం చెప్పింది. వాళ్ళ దృష్టిలో స్నోబోర్డింగ్ అంటే కొండ దిగే పరుగు. గోడలెక్కి గంతులేయడం దేనికి అని. అదే బర్టన్ కంపెనీ తర్వాత హాఫ్‌పైప్ వీరులతోనే పేరు తెచ్చుకుంది, అది వేరే సంగతి.

పారలతో చెక్కిన గోడ వంకరటింకరగానే ఉంటుంది. 1990ల మొదట్లో కొలరాడోలో డగ్ వా అనే వ్యవసాయ యంత్రాల మెకానిక్ పైప్ డ్రాగన్ అనే యంత్రం కట్టాడు. అది గోడ వంపుని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా చెక్కేది. పతకం ఒక్కటీ గెలవని ఈ మెకానిక్ పేరు వ్యాఖ్యాతల నోట వినపడదు గానీ, నన్నడిగితే ఆటని ఇంతగా మార్చినవాళ్ళు తక్కువ. ప్రతి గోడా ఒకేలా ఉంటుందన్న భరోసా లేనిదే ఎవడూ కళ్ళకి కనపడని వైపు గిరికీ కొట్టడు.

నగానోలో గోడలు దాదాపు 3.5 మీటర్లు. వాంకూవర్ నాటికి 22 అడుగులు, అంటే 6.7 మీటర్లు. రెండు రన్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే అది ఆటల మైదానం, ఇది లోయ. గోడ పెరిగితే దిగేటప్పుడు వచ్చే వేగం పెరుగుతుంది, దిగడానికి దొరికే చోటూ పెరుగుతుంది. అంచు మీద రెండున్నర మీటర్లు లేచినవాడు గాల్లో 1.4 సెకన్లుంటాడు, ఐదు మీటర్లు లేస్తే 2 సెకన్లు. నా టైమ్‌లైన్ మీద సెకనుకి 30 ఫ్రేములు. 60 ఫ్రేముల్లో నాలుగు చుట్లంటే చుట్టుకి 15. మీరు రెప్ప వాల్చేలోగా పావు చుట్టు అయిపోయింది.

నగానో చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: స్విట్జర్లాండ్ కుర్రాడు గియాన్ సిమ్మెన్ గెలిచాడు గానీ, ఆ కాలపు మొనగాడు నార్వేకి చెందిన టెర్యె హాకన్‌సన్ అసలు రాలేదు. పోటీ నిర్వహణని స్నోబోర్డర్ల సొంత సంఘానికి కాక స్కీయింగ్ సమాఖ్యకి అప్పగించారని అలిగి మానేశాడు. కాబట్టి అప్పటి ఆట సత్తా అంతా ఆ ఫైనల్లోనే ఉందనుకోకండి.

రెండోసారి: కాళ్ళు

అసలు కిటుకు ఇక్కడుంది. దిగగానే ఏ కాలు ముందుందో చూడండి, గాల్లో చుట్లు లెక్కపెట్టకండి.

మామూలుగా ఎడమ కాలు ముందు పెట్టి జారేవాడనుకుందాం. గోడెక్కి, గాల్లో సగం చుట్టు తిరిగి, మళ్ళీ ఎడమ కాలు ముందే ఉండగా దిగుతాడు. అది 180, ఏ గిరికీ లేని మామూలు ఎగరడం. దానికి ఇంకో సగం కలిపితే 360: కుడి కాలు ముందుకొస్తుంది. 540కి మళ్ళీ ఎడమ. ఇలా 180, 540, 900, 1260 సొంత కాలితో దిగేవి. 360, 720, 1080, 1440 ఎదురు కాలితో దిగేవి. ఎదురు కాలుని వాళ్ళు 'స్విచ్' అంటారు. స్విచ్‌లో దిగినవాడు ఎదుటి గోడకి స్విచ్‌లోనే వెళ్ళాలి, ఎడమ చేత్తో సంతకం చేసినట్టు. అలా స్విచ్‌లో మొదలయ్యే ఒకరకం గిరికీనే 'క్యాబ్' అంటారు. స్కేట్‌బోర్డర్ స్టీవ్ కాబలేరో పేరుని కత్తిరించి పెట్టుకున్నది.

ఇది పట్టుబడితే 2018లో అమెరికా ఆటగాడు షాన్ వైట్ ఆఖరి రన్ ఇంకోలా కనిపిస్తుంది. బంగారం కావాలంటే హిరానో 95.25ని దాటాలి. 1440 వేశాడు. దిగేసరికి ఎదురు కాలు. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా ఎదుటి గోడ మీద క్యాబ్ 1440. వరసగా రెండు. 97.75 వచ్చింది. "రెండుసార్లు నాలుగు చుట్లు" అంటే అందులో గొప్ప తెలియదు. రెండోది ఎదురు కాలితో మొదలైందంటే అప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. అదే ఒలింపిక్స్ ఆడవాళ్ళ ఫైనల్లో అమెరికాకి చెందిన పదిహేడేళ్ళ క్లోయీ కిమ్ కూడా ఇదే పని చేసింది, వరసగా రెండు 1080లు, 98.25. ఆడవాళ్ళ పోటీల్లో మొదటి 1080 కెల్లీ క్లార్క్‌ది, 2011లో. ఒక్కటి వేయడం నుంచి వెంటవెంటనే రెండు వేయడానికి ఐదేళ్ళు పట్టింది, 2016లో ఆ రెండూ మొదట వేసింది ఈ కిమ్మే.

వ్యాఖ్యాతలు చివరి అంకెలు మింగేస్తారు. 'టెన్' అంటే 1080, 'ట్వెల్వ్' అంటే 1260, 'ఫోర్టీన్' అంటే 1440.

మూడోసారి: తల

గిరికీ వేరు, పల్టీ వేరు. రెండూ కలిస్తే 'కార్క్'. నేలమీద తిరిగి తిరిగి వేగం తగ్గిన బొంగరం చూశారుగా, పడబోయే ముందు పక్కకి ఒరిగి, మొన మీద తూలుతూ తిరుగుతుంది. కార్క్ అంటే ఆ ఒరిగిన బొంగరం. తిరుగుతూనే తల ఎన్నిసార్లు కిందికి పోయిందో చూడండి: రెండైతే డబుల్, మూడైతే ట్రిపుల్. పావు వేగంతో చూస్తూ హెల్మెట్‌నే వెంబడించండి, బోర్డు జోలికి పోకండి.

ఇదీ స్కేట్‌బోర్డు నుంచి వచ్చిందే. 1984లో మైక్ మెక్‌గిల్ వేసిన మెక్‌ట్విస్ట్ ఒక పల్టీతో 540. ఇరవై ఆరేళ్ళ తర్వాత వాంకూవర్‌లో షాన్ వైట్ దాన్ని రెండు పల్టీల 1260 చేశాడు. మొదటి రన్ మార్కులతోనే బంగారం ఖాయమైపోయింది, రెండో రన్‌లో ఊరికే జారుకుంటూ దిగొచ్చేయొచ్చు. దిగిరాలేదు.

ఆ డబుల్స్ మోజు వెనక ఖరీదుంది. 2009 డిసెంబరు 31న పార్క్ సిటీలో ఇలాంటి ట్రిక్కే సాధన చేస్తూ అమెరికా స్నోబోర్డర్ కెవిన్ పియర్స్ తల గోడకి కొట్టుకుంది. మెదడుకి తీవ్ర గాయం, పోటీలకి శాశ్వతంగా దూరమయ్యాడు. స్పాంజి గుంటల్లోనో గాలిపరుపుల మీదో ముందు సాధన చేసి మంచు మీదికి రావడం ఇప్పుడు మామూలు. పరుపు మీద వచ్చినదంతా మంచు మీద వస్తుందని కాదు.

ట్రిపుల్‌ని పోటీలో మొదట దించినవాడు హిరానోనే, 2021 డిసెంబరులో. రెండు నెలలకి బీజింగ్‌లో మొదటి గోడ మీదే వేశాడు. ఇంత పెద్దది మొదట వేయడం మతిలేని పనిలా ఉంటుంది గానీ, పై నుంచి తెచ్చుకున్న వేగమంతా అక్కడే ఉంటుంది. తర్వాత ప్రతి దిగుడులోనూ కొంచెం కరిగిపోతుంది.

ఇక చెయ్యి, దిగుడు, మార్కులు

బోర్డు పట్టుకోవడాన్ని 'గ్రాబ్' అంటారు. ఎంతసేపు పట్టాడన్నదే ముఖ్యం. బోర్డుని తట్టి వదిలేస్తే అది గ్రాబ్ కాదు, దొంగ దణ్ణం. గ్రాబ్ అందం చూడాలంటే సాల్ట్ లేక్ దగ్గర ఆగండి. అక్కడ గెలిచిన రాస్ పవర్స్ మొదటి గోడ మీద గిరికీ లేకుండా ఒక మెథడ్ వేశాడు: వెన్ను విల్లులా వంచి, ముందు చేత్తో మడమల వైపు అంచు పట్టుకుని, అలా లేస్తూనే పోయాడు. ఇరవయ్యేళ్ళు దాటినా పాతబడలేదు. చుట్లు పెరిగినకొద్దీ ఇలాంటివి తగ్గిపోయాయని నా గొణుగుడు.

దిగుడు గోడ పైభాగాన, నిటారు చోట పడితే మంచిది. అప్పుడు పడిన బరువంతా వేగంగా మారుతుంది. కిందికి జరిగి చదునులో పడితే మోకాళ్ళు ముడుచుకుంటాయి, చెయ్యి మంచుకి తగులుతుంది, తర్వాతి గోడకి వేగం చాలదు. ఎడిటింగ్ అలవాటుతో నేను దిగిన ఫ్రేము దగ్గర ఆపి చేతులు చూస్తాను.

మార్కుల లెక్క చిన్నదే. ఆరుగురు జడ్జీలు వందకి వేస్తారు. అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా నాలుగింటి సగటు. ట్రిక్కుకి ఇంత అని ధరల పట్టీ లేదు. ఎత్తు, కష్టం, వైవిధ్యం, నాణ్యం అన్నీ కలిపి మొత్తం మీద ఒక అంకె. జగడాలన్నీ అక్కడే పుడతాయి. హిరానో రెండో రన్‌లో ట్రిపుల్ పడింది, తర్వాతివీ పడ్డాయి, అయినా ఆస్ట్రేలియా ఆటగాడు స్కాటీ జేమ్స్ 92.50 కిందే ఉండిపోయాడు. మూడో రన్‌లో అవే ట్రిక్కులు మళ్ళీ వేశాడు. 96.00 ఇచ్చారు, బంగారం. నా అన్యాయం పావుగంటలో సర్దుకుపోయింది.

ఇదంతా మా పిల్లకి చెప్పి, మొన్న ఒక పాత రన్ పెట్టాను. మూడో గోడ దగ్గర నేను గొప్పగా "ఫోర్టీన్" అన్నాను. అది మొహం తిప్పకుండానే, "కాదు బాబాయ్, కాలు మారలేదు" అంది. వెనక్కి తిప్పి, ఫ్రేము తర్వాత ఫ్రేము నొక్కుకుంటూ వచ్చాను. వెళ్ళేటప్పుడు ఎడమ కాలు ముందు. దిగేటప్పుడూ ఎడమే. ట్వెల్వ్.