బడి పిల్లల పరిచర్యకు మన సంఘం ఏం చేయొచ్చు?

గుంటూరులో మిషన్ స్కూళ్లకి కొదవలేదు కాబట్టి నేరుగా వెళ్లి వాక్యం చెప్పేయొచ్చని కొందరు అనుకుంటారు. ముందు రూల్ తెలుసుకోండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కుదరదు, ఎయిడెడ్ బడైనా గుర్తింపు ఉన్న ప్రైవేటు బడైనా తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ పిల్లల్నీ ప్రార్థనకు కూర్చోబెట్టకూడదు, రాజ్యాంగం 28వ అధికరణ చెప్పేది ఇదే. అందుకే హెడ్మాస్టర్‌ని కలిసి, ఏం చేయబోతున్నారో రాసిచ్చి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టండి.

కొత్తగా ఏదో స్థాపించక్కర్లేదు. స్క్రిప్చర్ యూనియన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు ఎప్పటినుంచో బడి పిల్లల మధ్య పనిచేస్తున్నారు, అలాంటివాళ్లకి మనుషుల్నివ్వండి, బైబిళ్లు కొనివ్వండి, వారానికో సాయంత్రం చర్చి హాలు ఇవ్వండి. ఆ తాళం ఇవ్వడానికే కమిటీలు నెలలు నానబెడతాయి, చూస్తే బాధేస్తుంది.

సంఘంలో టీచర్లుంటే వాళ్ల కోసం ఆదివారం ఆరాధనలో ప్రార్థించండి. టెన్త్ పరీక్షల ముందు పిల్లలు ఎంత టెన్షన్‌లో ఉంటారో తెలుసుగా, హాల్లో లెక్కలు, సైన్స్ చెప్పించండి, ఏ మతం పిల్లలొచ్చినా చెప్పండి, బదులుగా ఏమీ ఆశించొద్దు.

ఇంకోటి, పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఎంత నమ్మకమైన మనిషైనా ఒంటరిగా వదలొద్దు.