విమాన ప్రయాణంలో హోదా – మూడవ పాఠం: ఖర్చు పెట్టే మైళ్లు, హోదా పెంచే మైళ్లు

విమాన సంస్థల్లో సభ్యత్వం ఎలా తీసుకోవాలో మొదటి పాఠంలోనూ, స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అనే మూడు కూటముల్లో ఒక సభ్య సంస్థ ఇచ్చిన హోదాను ఆ కూటమిలోని మిగతా సంస్థలు ఎలా గుర్తిస్తాయో రెండవ పాఠంలోనూ చూశాం. ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఈ పాఠం బాగా ఒంటబట్టకపోతే తర్వాతి పాఠాలేవీ అక్కరకు రావు కాబట్టి దీన్ని తొందరపడకుండా చదవండి.

ప్రయాణాలకు విమాన సంస్థ మీ సభ్యత్వ ఖాతాలో జమ చేసే పాయింట్లనే మైళ్లు అంటారు. ఆ ఖాతాలో రెండు పద్దులుంటాయి. మొదటిదానిలో ఉండేవి టికెట్ కొనడానికి ఖర్చు పెట్టుకోగల మైళ్లు. రెండవదానిలో ఉండేవి సిల్వర్, గోల్డ్ వంటి హోదా నిర్ణయించడానికి మాత్రమే లెక్కపెట్టే మైళ్లు. వీటితో ఏమీ కొనలేరు, గడువులోగా కావలసినన్ని కూడకపోతే ఇవి వృథా అవుతాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వీటిని ఎలైట్ మైళ్లని, ఎమిరేట్స్ టైర్ మైళ్లని, ఖతార్ ఎయిర్‌వేస్ క్యూపాయింట్లని పిలుస్తాయి.

మన దేశంలో బ్యాంకులిచ్చే క్రెడిట్ కార్డులు సాధారణంగా మొదటి పద్దునే నింపుతాయి. కార్డు మీద లక్షలు ఖర్చు చేసి, వచ్చిన రివార్డు పాయింట్లను సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ ఖాతాకు మళ్లించినా, మీ ఎలైట్ మైళ్ల పద్దులో ఒక్క అంకె కూడా కదలదు. కార్డు అమ్మడానికి వచ్చినవారు చెప్పేదాంట్లో ఈ రెండు పద్దులూ కలిసిపోయి వినిపిస్తాయి. కాబట్టి సంతకం చేసే ముందు వారిని ఒకే ప్రశ్న అడగండి: ఈ కార్డుతో వచ్చేవి హోదా లెక్కలోకి వస్తాయా, రావా? సూటిగా జవాబు రాకపోతే రావనే అనుకోండి.

ఇక ఉదాహరణ. కరీంనగర్‌కు చెందిన ఒక గ్రానైట్ వ్యాపారి కొనుగోలుదారులను కలవడానికి తరచుగా సింగపూర్ వెళ్తారనుకుందాం. వరంగల్ దగ్గరి మామునూరులో మళ్లీ విమానాలు ఎగిరేదాకా మన లెక్కలన్నీ శంషాబాద్ నుంచే మొదలవుతాయి. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు సుమారు 2,054 మైళ్లు, అంటే రానుపోను 4,108. క్రిస్‌ఫ్లయర్‌లో సిల్వర్ హోదాకు 12 నెలల్లో 25,000, గోల్డ్‌కు 50,000 ఎలైట్ మైళ్లు కావాలి. దూరానికి సమానంగా మైళ్లిచ్చే టికెట్ మీద ఆయన ఆరుసార్లు వెళ్లివస్తే 24,648 అవుతాయి. సిల్వర్‌కు ఇంకా 352 తక్కువ! అదే అన్నిటికన్నా చవకైన టికెట్ మీద వెళ్తే దూరంలో సగమే జమవుతుంది కనుక, పన్నెండుసార్లు వెళ్లివచ్చినా అదే 24,648 దగ్గర ఆగిపోతారు.

ఆ 352 కోసం ఏడోసారి సింగపూర్ వెళ్లనక్కర్లేదు. ఆయనకు ఎలాగూ ఢిల్లీలో పని ఉంటే, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఉన్న స్టార్ అలయన్స్‌లోనే ఎయిర్ ఇండియా 2014 నుంచి ఉంది కాబట్టి, ఆ టికెట్‌లో క్రిస్‌ఫ్లయర్ సభ్యత్వ సంఖ్యనే ఇచ్చి లోటు పూడ్చుకోవచ్చు. టికెట్ తరగతి మైళ్లకు అర్హమైనదో కాదో మాత్రం కొనే ముందే చూసుకోవాలి. అయితే సిల్వర్‌తో కలిగే లాభం చాలా కొద్ది. స్టార్ అలయన్స్‌లో గోల్డ్ దాకా చేరితేనే లాంజ్ (విమానాశ్రయంలోని ప్రత్యేక విశ్రాంతి గది) ప్రవేశం, ముందుగా విమానం ఎక్కే వీలు, తూకం లెక్కన సామాను అనుమతించే మార్గాల్లో అదనంగా 20 కిలోలు దక్కుతాయి. గోల్డ్‌కు చేరే అవకాశం లేనివారు సిల్వర్ కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఖర్చు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పాఠకులకు గల్ఫ్ మార్గం ముఖ్యం. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. దాని సిల్వర్ హోదాకు 25,000 టైర్ మైళ్లు గాని, 25 అర్హ విమానాలు గాని కావాలి. శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్లివస్తే రెండు విమానాలు, దుబాయ్‌లో మారి లండన్ వెళ్లివస్తే నాలుగు విమానాలు లెక్కకు వస్తాయి. సిల్వర్ వారికి తూకం లెక్క ఉన్న మార్గాల్లో 12 కిలోలు, గోల్డ్ వారికి 16 కిలోలు అదనపు సామాను ఉచితం. ఊరికి వచ్చేటప్పుడు పిల్లలకు, అక్కచెల్లెళ్లకు సామాను మోసుకొచ్చేవారికి 12 కిలోలు చిన్న విషయం కాదు. కాని రెండేళ్లకు ఒకసారి సెలవు మీద వచ్చే కార్మిక సోదరులకు ఈ హోదా అందదు, అందుతుందని ఆశ చూపడం కూడా తప్పే. వారు హోదా మాట పక్కన పెట్టి, టికెట్ ధరలో సామాను ఎన్ని కిలోలు కలిసి ఉందో చూసి, సంస్థల ధరలను పోల్చుకుంటే ఎక్కువ మిగులుతుంది. వ్యాపారం మీద ఏటా పదిపన్నెండుసార్లు దుబాయ్ వెళ్లేవారికి మాత్రం ఈ లెక్క వేసుకోవడం అవసరం.

కార్డు ఖర్చుతో నిజంగానే హోదా వచ్చే చోటు అమెరికా. అక్కడి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2022 నుంచి లాయల్టీ పాయింట్ల పద్ధతి నడుపుతోంది. ఆ సంస్థ పేరుతో బ్యాంకులిచ్చే కార్డు మీద ఒక డాలరు అర్హమైన ఖర్చుకు ఒక పాయింటు వస్తుంది. గోల్డ్‌కు 40,000, ప్లాటినంకు 75,000 కావాలి. ఆ ప్లాటినం వన్‌వరల్డ్ కూటమిలో సఫైర్ అనే హోదాతో సమానం. హన్మకొండ తల్లిదండ్రులకు డాలస్‌లో ఉన్న కొడుకు టికెట్ కొన్నా, అతని హోదా వారికి రాదు. హోదా ప్రయాణించే మనిషిది, డబ్బు కట్టినవారిది కాదు. కాని సఫైర్ ఉన్న కొడుకు తల్లితో కలిసి వన్‌వరల్డ్ సంస్థ అయిన ఖతార్ ఎయిర్‌వేస్‌లో అంతర్జాతీయ ప్రయాణం చేస్తే, తన అతిథిగా ఒకరిని లాంజ్‌లోకి తీసుకువెళ్లే వీలుంటుంది.

కార్డు బాకీ మాత్రం నెలనెలా పూర్తిగా తీర్చాలి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది కాబట్టి, ఒక్క నెల బాకీ మిగిలినా ఆ నెల మైళ్ల విలువంతా వడ్డీకే పోతుంది.

టికెట్ చేతికి రాగానే దానిలో విమాన సంఖ్య దగ్గర ఉండే తరగతి అక్షరాన్ని వెతకండి. ఎకానమీ అని పెద్దగా రాసి ఉన్నా, ఎన్ని మైళ్లు వస్తాయో నిర్ణయించేది ఆ ఒక్క అక్షరమే. తర్వాత పేరు చూడండి. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. సభ్యత్వ ఖాతాలో ఒకలా, టికెట్‌లో మరోలా ఉంటే మైళ్లు జమకావు. మైళ్లు ఖాతాలో కనిపించేదాకా బోర్డింగ్ పాస్ పారేయకండి. జమకాని మైళ్లను అడగాలంటే అదే ఆధారం, ఆ అడగడానికీ గడువు ఉంటుంది.

అభ్యాసం: గడచిన 12 నెలల్లో మీరు చేసిన ప్రయాణాల టికెట్లన్నీ ముందు పెట్టుకొని, ఒక్కొక్కదాని ఎదుట దూరం, తరగతి అక్షరం, జమైన హోదా మైళ్లు రాయండి. వాటన్నిటినీ ఒకే కూటమిలో జమ చేయించి ఉంటే మొత్తం ఎంతయ్యేదో కూడా పక్కన వేయండి. ఒక సంస్థలో ఉన్న హోదాను చూపి మరో సంస్థలో సమాన హోదా కోరడం గురించి చెప్పే నాలుగవ పాఠానికి ఈ కాగితం కావాలి.