కొత్త ఆటోక్యాడ్ వేసేముందు మీ టూల్‌బార్లు జాగ్రత్త

మొన్న శుక్రవారం సాయంత్రం, మేం డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ మొరాయిస్తోందని మా పక్క సీటాయన స్టార్ట్ మెనూలో 'రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్' నొక్కేశాడు. బ్యాకప్ తీసి చేయాలా, ఊరికే చేసేయాలా అని అది అడిగింది కూడా. ఈయన రెండోది నొక్కాడు. ఆరేళ్లుగా ఒక్కో బటనూ పేర్చుకున్న టూల్‌బార్లు పోయాయి. సోమవారం పొద్దున సబ్మిషన్. బీమ్ సెక్షన్ బటన్ ఉండే చోట అలవాటు కొద్దీ మౌస్ పెట్టి ఖాళీని క్లిక్ చేస్తుంటే చూడలేకపోయాను.

మార్చి వస్తే కొత్త వెర్షన్ వస్తుంది, ఇలాంటివీ అప్పుడే ఎక్కువ. బ్యాకప్ గురించి మీకు పాఠం చెప్పను. చెప్పేది ఒకటే: ఏక్యాడ్.సీయూఐఎక్స్‌లో మీ సొంత బటన్లు పెట్టకండి.

అది ఆటోక్యాడ్ తనతో తెచ్చుకునే ఫైలు. రిబ్బన్ (పైన బటన్లుండే పట్టీ), మెనూలు, అన్నీ అందులోనే. రీసెట్ కొడితే ముందు ఎగిరిపోయేది అదే. ఖాళీగా ఇచ్చే కస్టమ్.సీయూఐఎక్స్ కొంత నయమే గానీ, అదీ విండోస్ యాప్‌డేటాలో అదే సపోర్ట్ ఫోల్డర్లో కూర్చుంటుంది. సొంత ఫైలు చేసి డి డ్రైవ్‌లో పెట్టండి. సీయూఐ కమాండ్ కొట్టి (బటన్లు, మెనూలు మార్చుకునే ఎడిటర్ తెరుచుకుంటుంది), ట్రాన్స్‌ఫర్ ట్యాబ్‌లో కుడివైపు కొత్త ఫైలు సేవ్ చేసి, సీయూఐలోడ్ కమాండ్‌తో ఎక్కించడమే. తెలివిగా ఏక్యాడ్ ఫైలునే కాపీ చేసి పేరు మార్చేవాళ్లున్నారు. అది ఎక్కదు, లోపల గ్రూప్ పేరు పాతదే కదా, ఒకే గ్రూప్ పేరుతో రెండు ఫైళ్లు ఎక్కవు!

రీసెట్ తర్వాత మీ ఫైలు మళ్లీ లోడ్ చేసుకోవాలి, టూల్‌బార్లను వాటి మూలలకు మళ్లీ జరుపుకోవాలి. ఏ టూల్‌బార్ ఎక్కడుండాలో గుర్తుంచుకునే వర్క్‌స్పేస్ ఉండేది మెయిన్ ఫైల్లో, అంటే ఏక్యాడ్.సీయూఐఎక్స్‌లో. అది పది నిమిషాల విసుగు, ఆరేళ్ల నష్టం కాదు.

ఇక మిగతావి.

సీయూఐ ఎడిటర్లో అన్‌డూని నమ్ముకోకండి. తప్పు టూల్‌బార్ డిలీట్ చేస్తే క్యాన్సిల్ ఒక్కటే దిక్కు, దాంతో అప్పటిదాకా చేసిన మిగతా మార్పులూ పోతాయి. రెండు మార్పులకోసారి అప్లై కొట్టండి.

మ్యాక్రోలో, అంటే బటన్ వెనక రాసే కమాండ్ల వరసలో, స్పేస్ అంటే ఎంటర్. అందంగా ఉందని ఖాళీలు వదలకండి.

పాత వెర్షన్ ఏక్యాడ్.సీయూఐఎక్స్ తెచ్చి కొత్తదాని మీద పేస్ట్ చేయకండి, కొత్త కమాండ్లు రిబ్బన్‌లో కనబడవు.

2009 నాటి సీయూఐ ఫైలుకి చివర ఎక్స్ తగిలిస్తే సరిపోదు. 2010 నుంచి అది జిప్ ప్యాకేజీ.

రిబ్బన్ లేని పాత పద్ధతి వర్క్‌స్పేస్, ఆటోక్యాడ్ క్లాసిక్ కోసం వెతక్కండి, 2015 వెర్షన్‌లోనే తీసేశారు. మెనూబార్ అని కొట్టి 1 ఇస్తే పాత మెనూలు వస్తాయి, వాటితో పని కానివ్వండి.

పక్కవాళ్ల సీట్లో టూల్‌బార్ ముట్టుకోవద్దు.

సబ్మిషన్ వారంలో మీ సీట్లో కూడా వద్దు.

ఏక్యాడ్.సీయూఐఎక్స్‌లో పెట్టకండి. ఒక్క బటనే కదా అని కూడా పెట్టకండి.

ఎడిటర్లో ఇప్పటికే చెడగొట్టుకున్నారా? అదే సపోర్ట్ ఫోల్డర్లో ఏక్యాడ్.బాక్.సీయూఐఎక్స్ అనే బ్యాకప్ ఉంటుంది. ఇంకోసారి సేవ్ కొట్టకముందే దాన్ని బయటికి కాపీ చేసుకోండి, ఆ సేవ్ దాని మీదే రాసేస్తుంది. మా పక్క సీటాయనకి అదీ మిగల్లేదు, రీసెట్ ఆ ఫోల్డర్ మొత్తం ఊడ్చేసింది.