నెట్ స్పీడున్నా సైట్లు లేటా? డీఎన్ఎస్ మార్చి చూడండి

కావలిలోనో కందుకూరులోనో ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్లు చాలామంది చూసే ఉంటారు: స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగానే వస్తుంది, సైట్ మీద నొక్కితే మాత్రం తెల్ల పేజీ కాసేపు అలాగే ఉండి తర్వాత ఒక్కసారిగా మొత్తం తెరుచుకుంటుంది. అలా అయితే ముందు డీఎన్ఎస్‌ను అనుమానించండి. సైట్ పేరుకు ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఆ సైట్‌ను చేరే నంబర్, వెతికిపెట్టేది అదే, అది చెప్పేదాకా బ్రౌజర్ ముందుకు పోలేదు. వీడియో మధ్యమధ్యలో ఆగుతుంటే మాత్రం అది లైన్ సమస్య, దీన్ని మార్చినా లాభం లేదు.

ఆపరేటర్ ఇచ్చిన డీఎన్ఎస్ బదులు పెట్టుకోగలిగేవి ఇవి: గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, క్వాడ్9ది 9.9.9.9. మూడూ ఉచితమే. ఎవరో ఫాస్ట్ అన్నారని పెట్టేయకండి, ఒంగోలులో బాగా పనిచేసింది ఉదయగిరిలో వేరే కనెక్షన్ మీద అంత బాగుండకపోవచ్చు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ (ping) అని కొట్టి పక్కన ఆ నంబర్ వేయండి, మిల్లీసెకన్లు కనపడతాయి, ఎంత తక్కువైతే అంత మంచిది. రాత్రి అందరూ నెట్ మీద ఉండే టైమ్‌లో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

తేడా పెద్దగా లేకపోతే నేను క్వాడ్9 పెట్టుకోమంటాను. మోసపు సైట్లని తెలిసిన పేర్లకు అది అడ్రసే ఇవ్వదు. 'ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం' అని లింకుతో మెసేజ్ వస్తే కంగారులో నొక్కేసే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు, ముందు వాళ్ల ఫోన్లలో పెట్టండి. నిన్నగాక మొన్న పుట్టిన దొంగ సైటయితే తప్పించుకోవచ్చు, ఫోన్‌లో ఓటీపీ చెప్పేస్తే ఏ డీఎన్ఎస్సూ కాపాడలేదు. పిల్లల ఫోన్లు, ట్యాబులకైతే పెద్దల సైట్లు కూడా ఆపే క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 ఉంది.

ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అక్కడ నంబర్ తీసుకోదు, డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ (dns.quad9.net) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. మీ ఫోన్ డీఎన్ఎస్‌ను అడిగే సైట్ పేర్లు దారిలో ఎవరికీ కనపడకుండా పోతాయి, అలాగని ఇది మొత్తం నెట్ వాడకాన్ని దాచే వీపీఎన్ కాదు. స్టేషన్ వైఫైలో లాగిన్ పేజీ రాకపోతే కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టండి.

ఇల్లంతటికీ కావాలంటే రూటర్‌లో మార్చాలి. పాత నంబర్లు ముందు ఫోటో తీసి పెట్టుకోండి. మొదటి గడిలో 9.9.9.9, రెండో గడిలో 149.112.112.112 వేయండి. రెండోది గూగుల్‌ది వేస్తే, ఇది ఆపిన సైట్‌ను అది తెరిచేయొచ్చు. రూటర్‌కు అడ్మిన్ అనే పాత పాస్‌వర్డే ఉంటే అప్పుడే మార్చేయండి, లోపలికి దూరినవాడు డీఎన్ఎస్ మార్చి మీ బ్యాంకు పేరు కొడితే దొంగ పేజీ వచ్చేలా చేయగలడు. ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో ఆ గడులు లాక్ చేసి ఉంటే, ఫోన్లలో, కంప్యూటర్లలో విడివిడిగా పెట్టుకోవడమే.