ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో జట్టు ఖాళీలు నింపుకోవడం ఎలా? 2017 సెయింట్స్ కాగితంతో ఒక పాఠం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2016 సీజన్ ముగిసేసరికి న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ జట్టులో పాయింట్లు చేసి పెట్టడానికి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) డ్రూ బ్రీస్ ఉన్నాడు, వాటిని కాపాడడానికి మాత్రం దిక్కు లేదు. ఆ ఏడాది 469 పాయింట్లు చేసి, ప్రత్యర్థులకు 454 ఇచ్చుకున్నారు. అంతకు ముందు 2015లో ప్రత్యర్థులకు 45 టచ్‌డౌన్ పాస్‌లు (గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చే విసుర్లు) సమర్పించుకుని లీగ్ చరిత్రలోనే చెత్త రికార్డు మూటగట్టుకున్నారు. వరుసగా మూడేళ్ళు అదే ఫలితం: 7 గెలుపులు, 9 ఓటములు. 2017 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, ఏడుగురు కుర్రాళ్ళను తీసుకున్నారు. ఆ సీజన్‌లో 11 గెలిచి 5 ఓడారు. ఇచ్చిన పాయింట్లు 326కి దిగాయి.

మీకు నచ్చిన జట్టు కోసం మీరే ఒక డ్రాఫ్ట్ ప్రణాళిక వేసి చూడాలనుకుంటే ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు. ఎందుకంటే ఆ ఏడుగురిలో దాదాపు సగం మంది అవసరానికి తీసుకున్నవాళ్ళు, మిగతావాళ్ళు కాదు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనం ముందే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. వేలంలో డబ్బున్నవాడు ఎవరినైనా పాడుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో డబ్బు మాట లేదు, వంతు మాటే. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్‌లో అందరికంటే వెనకబడిన జట్టు మొదట ఎంచుకుంటుంది, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టు చివర ఎంచుకుంటుంది. ఆ వంతునే పిక్ అంటారు. పిక్‌లను జట్లు తమలో తాము మార్చుకోవచ్చు, వచ్చే ఏడాది పిక్‌లను కూడా.

1. ముందు మీ దగ్గర ఉన్నవాళ్ళను లెక్కపెట్టండి

ఒక పెద్ద కాగితం మీద అడ్డవరుసల్లో స్థానాలు రాయండి. క్వార్టర్‌బ్యాక్ నుంచి సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు) దాకా ఒక్కటీ వదలవద్దు. ఒక్కో స్థానానికి ఎదురుగా నాలుగు గడులు: ఇప్పుడు ఆడుతున్నదెవరు, వయసెంత, ఒప్పందం ఏ ఏడాదితో ముగుస్తుంది, అతనికి గాయమైతే దిగేదెవరు. సీజన్ మొదలయ్యేనాటికి జట్టులో 53 మందే ఉండాలి కాబట్టి జాబితా మరీ పొడవైనదేమీ కాదు.

చాలామంది మొదటి గడి ఒక్కటి చూసి, ఖాళీ ఉన్నచోట ఎర్ర గీత గీసి, ప్రణాళిక అయిపోయిందనుకుంటారు. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు కుదురుకోవడానికి తరచుగా ఒక సీజన్ పడుతుంది. అందువల్ల ఈ ఏడాది ఖాళీ ఎంత ముఖ్యమో, వచ్చే రెండేళ్ళలో రాబోయే ఖాళీ కూడా అంతే ముఖ్యం. రెండో రకానికి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

సెయింట్స్ కాగితాన్ని ఊహించుకోండి. కార్నర్‌బ్యాక్ (పాస్ అందుకునే ప్రత్యర్థిని అంటిపెట్టుకుని అడ్డుకునేవాడు), సేఫ్టీ వరుసల్లో ఎర్ర గీతలు. టాకిల్ (ముందు వరుస అంచున నిలిచి క్వార్టర్‌బ్యాక్‌ను కాచేవాడు) వరుస నిండుగా ఉంది: ఎడమవైపు టెరాన్ ఆర్మ్‌స్టెడ్, కుడివైపు జాక్ స్ట్రీఫ్. కానీ స్ట్రీఫ్‌కు 33 ఏళ్ళు, అక్కడ పెన్సిల్ గుర్తు పడాలి. క్వార్టర్‌బ్యాక్ వరుసలో బ్రీస్. 38 ఏళ్ళు. అక్కడ పెన్సిల్ గుర్తు కాదు, దండోరా వేయాలి.

2. పెద్ద గుంటలను మార్చిలోనే పూడ్చండి

డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో జరుగుతుంది. ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళు మార్చిలోనే మార్కెట్‌లోకి వస్తారు. వాళ్ళతో ఎర్ర గీతలను వీలైనన్ని చెరిపేయాలి. గొప్పవాళ్ళు అక్కర్లేదు, పని నడిపేవాళ్ళు చాలు. ఇలా చేయని జట్టు ఏప్రిల్‌లో చిక్కుకుపోతుంది, గార్డ్ (ముందు వరుసలో టాకిల్‌కు లోపలివైపు నిలిచేవాడు) లేకపోతే గతి లేదన్న స్థితిలో మూడో రౌండ్ కుర్రాణ్ణి మొదటి రౌండ్‌లో తీసుకుంటుంది.

సెయింట్స్ ఆ మార్చిలో గార్డ్ ల్యారీ వార్‌ఫర్డ్‌నూ, లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో రెండో వరుస ఆటగాడు) ఏ.జే. క్లైన్‌నూ తెచ్చుకున్నారు. బ్రాండిన్ కుక్స్ అనే మంచి రిసీవర్‌ను (పాస్ అందుకునేవాణ్ణి) న్యూ ఇంగ్లండ్‌కు ఇచ్చేసి, ఆ చోటులో టెడ్ గిన్‌ను పెట్టుకున్నారు. కుక్స్‌తో పాటు ఒక నాలుగో రౌండ్ పిక్ కూడా పోయింది, బదులుగా 32వ పిక్, 103వ పిక్ వచ్చాయి. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, వీటి దగ్గరకు మళ్ళీ వస్తాం.

3. ఏ స్థానం ఖరీదైనదో చూడండి

2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది, అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది కొత్త నిబంధనలు వచ్చాయి. 2011లో మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు దాదాపు 2.2 కోట్లే. అప్పటి నుంచి కొత్త ఆటగాడి జీతాన్ని నిర్ణయించేది అతను ఏ స్థానంలో ఆడతాడన్నది కాదు, ఎన్నో పిక్‌గా వచ్చాడన్నది. ప్రణాళిక వేసేవాడికి అసలు కిటుకు ఇక్కడే ఉంది. బయట కొనాలంటే కోట్లు పోయాల్సిన స్థానాలు క్వార్టర్‌బ్యాక్, టాకిల్, కార్నర్‌బ్యాక్, రిసీవర్, క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకెళ్ళే అంచు ఆటగాడు. వీటిని పై రౌండ్లలో తీసుకుంటే నాలుగేళ్ళపాటు చవకగా పని జరుగుతుంది. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు), గార్డ్, సేఫ్టీ బయట కూడా అంత భారం కాదు, కింది రౌండ్లలోనూ దొరుకుతారు. మినహాయింపులు లేకపోలేదు, ఒకటి ఈ వ్యాసంలోనే ఉంది.

4. ఆటగాళ్ళను వరుస సంఖ్యలతో కాదు, మెట్లుగా పేర్చండి

ఒకటి నుంచి రెండొందల దాకా అంకెలు వేయడం సులువే, కానీ 14వ వాడికీ 15వ వాడికీ మధ్య తేడా ఏమిటని అడిగితే జవాబు ఉండదు. దాదాపు సమానంగా ఉన్నవాళ్ళను ఒకే మెట్టు మీద పెట్టండి. పై మెట్టు మీద ఆరుగురు, దాని కింద పదిమంది, ఇలా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇండియనాపొలిస్‌లో ఈ కుర్రాళ్ళకు జరిగే పరీక్షల్లో పరుగు వేగాలు చూసి మెట్లు తారుమారు చేయవద్దు. అక్కడ నిజంగా విలువైనది వైద్య పరీక్ష, అది బయటివాళ్ళకు కనబడదు. మార్షాన్ లాటిమోర్‌నే తీసుకోండి. ఓహాయో స్టేట్‌లో అతను పూర్తిస్థాయిలో ఆడింది 2016 సీజన్ ఒక్కటే, అంతకు ముందంతా తొడ కండరాల గాయాలు. ఆట చూస్తే పై మెట్టు, చరిత్ర చూస్తే సందేహం.

మెట్లు అయ్యాక మీ మొదటి కాగితాన్ని పక్కన పెట్టుకోండి. ఇక ఒకే సూత్రం: ఒకే మెట్టు మీద ఇద్దరున్నప్పుడు మాత్రమే అవసరం మాట్లాడాలి. మెట్టు దిగి మరీ అవసరం తీర్చుకోకూడదు.

5. ఈ ఏడాది పంట ఏమిటో చూసుకోండి

ఒక ఏడాది కార్నర్‌బ్యాక్‌లు కుప్పలుగా వస్తారు, మరో ఏడాది టాకిల్‌లు ముగ్గురే ఉంటారు. కొరతగా ఉన్న స్థానాన్ని ముందు చూసుకుని, దండిగా ఉన్నదాన్ని రెండు, మూడు రౌండ్లకు వాయిదా వేయండి. ముందు ఎంచుకునే జట్ల కాగితాలు కూడా మీరే రాసి చూడాలి, ఇది విసుగు పుట్టించే పనే అయినా తప్పదు. 2017లో మొదటి పదిమందిలో ఏడుగురు దాడి వైపు ఆటగాళ్ళు, ఒక్క కార్నర్‌బ్యాక్ కూడా లేడు. 11వ వంతు కోసం కూర్చున్న సెయింట్స్ దాకా లాటిమోర్ జారుకుంటూ వచ్చింది అందుకే.

6. వంతు మార్చుకోవడానికి లెక్క దగ్గర పెట్టుకోండి

1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ తయారుచేసుకున్న పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో దాన్ని పిలుస్తారు. మొదటి పిక్‌కు 3000 పాయింట్లు, పదో పిక్‌కు 1300, పదహారో దానికి 1000, మొదటి రౌండ్ చివరి పిక్‌కు 590. 2021లో డాలస్‌కు కార్నర్‌బ్యాక్ కావాలి. వాళ్ళ పదో వంతు రాకముందే ఎనిమిది, తొమ్మిది పిక్‌లలో మేటి కార్నర్‌బ్యాక్‌లు ఇద్దరూ వెళ్ళిపోయారు. కంగారుపడి మూడోవాణ్ణి పట్టుకోలేదు. ఫిలడెల్ఫియాతో మాట్లాడి పన్నెండో వంతుకు దిగారు, పైగా 84వ పిక్ తీసుకున్నారు. పట్టిక ప్రకారం 1300 ఇచ్చి 1200, 170 పుచ్చుకున్నారు, అంటే 70 పాయింట్ల లాభం. ఆ పన్నెండో పిక్‌తో వచ్చినవాడు మైకా పార్సన్స్. ఆ ఏటి ఉత్తమ కొత్త డిఫెన్స్ ఆటగాడు అతనే.

పైకి వెళ్ళడం మాత్రం ఖరీదైన వ్యవహారం. క్వార్టర్‌బ్యాక్ కోసమైతే సరే, ఇంకెవరి కోసమైనా నేను పదిసార్లు ఆలోచిస్తాను. సెయింట్స్ 2018లో అంచు ఆటగాడు మార్కస్ డావెన్‌పోర్ట్ కోసం 27 నుంచి 14కు ఎక్కడానికి తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ధారపోశారు. అతను ఒక్క సీజన్‌లోనూ పది సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేయలేదు.

7. ఆ రాత్రి గడియారం ముందు

2025 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో ఒక్కో జట్టుకు 10 నిమిషాలు, రెండో రౌండ్‌లో 7 నిమిషాలు ఇచ్చారు. ఫోను మోగుతూనే ఉంటుంది. 2003లో మిన్నెసోటా ఏడో వంతు దగ్గర మార్పిడి బేరం తేలక గడువు దాటిపోయింది. జాక్సన్‌విల్, కరోలైనా గబగబా తమ చీటీలు అందించేశాయి. మిన్నెసోటా తొమ్మిదో పేరుగా కెవిన్ విలియమ్స్‌ను పిలిచింది. అతను గొప్పవాడయ్యాడు కాబట్టి ఆ పరువు నష్టం తొందరగానే మాసిపోయింది. ప్రతి వంతుకూ ముందే మూడు పేర్లు రాసుకుంటే ఈ అవస్థ ఉండదు.

ఇప్పుడు సెయింట్స్ రాత్రి. 11వ వంతుకు ప్యాట్రిక్ మహోమ్స్ మిగిలితే తీసుకోవాలనుకున్నామని కోచ్ షాన్ పేటన్ తర్వాత బయటపెట్టాడు. డిఫెన్స్ కాలిపోతున్న ఇంట్లో బ్రీస్ వెనక కూర్చోబెట్టడానికి ఒక క్వార్టర్‌బ్యాక్! పై మెట్టు అంటే అది. కానీ కాన్సాస్ సిటీ 27 నుంచి పదికి ఎగబాకి అతన్ని ఎత్తుకుపోయింది. సెయింట్స్ రెండో పేరు పిలిచారు, లాటిమోర్. 32 దగ్గర వాళ్ళ చూపు లైన్‌బ్యాకర్ రూబెన్ ఫాస్టర్ మీద ఉందని అప్పట్లో వార్తలు వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఒక్క వంతు ముందు 31కి దూరి అతన్ని తీసుకుంది. అప్పుడు సెయింట్స్ కార్డు మీద రాసింది టాకిల్ రయాన్ రామ్‌చిక్ పేరు, నిండుగా ఉన్న వరుసలోకి ఇంకొకడు. జూన్‌లో ఆర్మ్‌స్టెడ్ భుజానికి గాయమైంది, సీజన్ మొదట్లోనే స్ట్రీఫ్ కూడా పడిపోయాడు. రామ్‌చిక్ 16 మ్యాచ్‌లూ ఆడాడు.

42 దగ్గర సేఫ్టీ మార్కస్ విలియమ్స్ ఎర్ర గీతను చెరిపాడు. ఆ తర్వాతి జనవరిలో మిన్నెసోటాలో చివరి క్షణంలో అతను ప్రత్యర్థిని పడగొట్టలేకపోయినందుకే జట్టు ఇంటికి వెళ్ళింది, అది వేరే బాధ. 67 దగ్గర ఆల్విన్ కమారా. మార్క్ ఇంగ్రమ్ ఉన్నాడు, అడ్రియన్ పీటర్సన్‌ను అప్పుడే తెచ్చారు, రన్నింగ్ బ్యాక్ అవసరం లేనేలేదు. అయినా తర్వాతి ఏడాది రెండో రౌండ్ పిక్ ఇచ్చి మరీ పైకెళ్ళారు. నేను మూడో అడుగులో చెప్పిన మాటకు మినహాయింపు ఇతనే. అక్టోబర్‌కల్లా పీటర్సన్‌ను అరిజోనాకు పంపేశారు. సీజన్ చివర లాటిమోర్‌కూ కమారాకూ డిఫెన్స్‌లో, దాడిలో ఉత్తమ కొత్త ఆటగాళ్ళ అవార్డులు రెండూ దక్కాయి. ఒకే జట్టుకు రెండూ రావడం 1967 డెట్రాయిట్ తర్వాత అదే మొదలు.

8. ఏడో రౌండ్ అయిపోగానే

ఎవరూ తీసుకోనివాళ్ళకు వెంటనే ఫోన్లు చేయండి. కర్ట్ వార్నర్, టోనీ రోమో ఇద్దరూ డ్రాఫ్ట్‌లో ఎవరికీ పట్టనివాళ్ళే. తర్వాత కొత్త పేర్లను మొదటి కాగితం మీద ఎక్కించి, ప్రతి పేరుకూ ఒప్పందం ముగిసే ఏడాది వేయండి. నాలుగేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. మొదటి రౌండ్ వాళ్ళకు మాత్రం ఐదో ఏడు పొడిగించే హక్కు జట్టుకు ఉంటుంది, దాన్ని మూడో సీజన్ ముగిశాక తేల్చుకోవాలి.

103వ పిక్ గుర్తుందా? దానితో సెయింట్స్ తీసుకున్నది ట్రే హెండ్రిక్సన్‌ను. మొదటి ఒప్పందం ముగియగానే 2021లో అతను సిన్సినాటికి వెళ్ళిపోయాడు, 2024లో 17.5 సాక్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.