పళ్ళెం ముందుకొచ్చేదాకా ఆగకండి: శ్రావణం నుంచి మాలధారణ రోజుల దాకా క్రైస్తవ విశ్వాసులకు జాగ్రత్తలు

విజయవాడ క్రైస్తవ సంఘాల్లో ఈ మధ్య ఒక కబురు తిరుగుతోంది. నిరుడు వరలక్ష్మీ వ్రతం నాడు ఒక అపార్ట్‌మెంటులో పై అంతస్తావిడ ఇచ్చిన వాయనాన్ని మన విశ్వాసురాలు ఒకామె నవ్వుతూ రెండు చేతులా అందుకుంది. గంట తిరక్కుండానే నానబెట్టిన సెనగలు, తమలపాకులు, జాకెట్టు ముక్క, ముడి విప్పని కవరుతో సహా లిఫ్టు పక్క చెత్తబుట్టలో తేలాయి. చూసింది ఎవరో కాదు, ఇచ్చినావిడే. అప్పట్నుంచి ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవు. పిల్లల్ని కూడా కలిసి ఆడుకోనివ్వడం లేదు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, మహాలయ పక్షం, దసరా, దీపావళి, కార్తీకం, ఆపైన భవానీ మాలలు, అయ్యప్ప మాలలు. వరసగా నాలుగైదు నెలలు. విగ్రహానికి మొక్కకూడదని సంఘంలో ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. మనవాళ్ళని ఏటా ముంచుతున్న పొరపాటు వేరే ఉంది. ముందు చెప్పకపోవడం.

పళ్ళెం ముందుకొచ్చాక మిగిలే దారులు మూడు. మనసొప్పకపోయినా తీసుకుని తినడం, తీసుకుని పారేయడం, నలుగురిలో కాదనడం. మొదటిది మీ మనస్సాక్షిని కోస్తుంది. రెండోది మోసం. మూడోది చూడటానికి ధైర్యంలా ఉంటుంది గానీ, ఇచ్చే మనిషికి తన చుట్టాల ముందు, తన ఇంట్లో పరువు పోతుంది. అక్కడ ఆవిడకి మీ విశ్వాసం వినబడదు, అవమానమే వినబడుతుంది. అదే మాట వారం ముందు, ఇద్దరే ఉన్నప్పుడు చెబితే పండగనాడు పళ్ళెం మిమ్మల్ని దాటి పక్కకి వెళ్ళిపోతుంది. ఎవరూ గమనించరు కూడా.

బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఈ కళ్ళతో మళ్ళీ చదవండి. బబులోను రాజు భోజనం ముట్టకూడదని దానియేలు ముందు మనసులో తీర్మానించుకున్నాడు. తర్వాత నపుంసకుల అధిపతిని వెళ్ళి అడిగాడు. ఆ అధికారి తన తల పోతుందని భయపడ్డాడు. దానియేలు ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు. తమ మీద కాపలా పెట్టినవాడి దగ్గరికెళ్ళి, పది రోజులు శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి చూడమన్నాడు. ముందుగా అడిగాడు, అడగవలసిన మనిషినే అడిగాడు, బదులు ఏం చేయాలో తనే చూపించాడు, గడువు కూడా పెట్టాడు. విస్తరి ముందు కూర్చుని లేచిపోలేదు.

ఇంటి దగ్గర

వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు శుక్రవారం వస్తుంది. అంతకు ముందు శుక్రవారానికే వెళ్ళి చెప్పండి. వాట్సాప్‌లో పెట్టొద్దు, ఫోనూ వద్దు, మనిషే వెళ్ళాలి. పొద్దున పూజ వేళకో సాయంత్రం పొయ్యి మీద కూర ఉన్నప్పుడో కాకుండా మధ్యాహ్నం తీరిగ్గా వెళ్ళండి. మాట పొడుగు అక్కర్లేదు: “వదినా, వచ్చేవారం మీ ఇంట్లో వ్రతం కదా. నేను ప్రభువుని నమ్ముకున్నదాన్ని, బొట్టు, వాయనం తీసుకోలేను. తీసుకుని పక్కన పెట్టేయడం మీకు మర్యాద కాదని ముందే చెబుతున్నాను. ఆ రోజు మీ చంటిదాన్ని మా ఇంట్లో ఉంచండి, నేను చూసుకుంటాను.” అంతే. గౌరవం, కారణం ఒక్క ముక్క, మీరు చేయగలిగిన సాయం. అక్కడితో ఆపండి. ఆ కూర్చున్న వేడిలో సువార్త మొదలుపెడితే సాయం ఎరలా కనిపిస్తుంది. ఆవిడ అడిగితే చెప్పండి. 1 పేతురు 3:15 కూడా అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమనే అంటుంది.

సాకులు చెప్పకండి. “మాకు మైలండి”, “షుగరండి”, “ఈ రోజు ఉపవాసం” అని తప్పించుకునేవాళ్ళు చాలామంది. షుగరని లడ్డూ వద్దన్న మనిషి డిసెంబరు 25న కేకు కోసి అదే మెట్ల మీద పంచుతాడు. ఇరుగుపొరుగు ఏమీ అనరు, కానీ గుర్తుపెట్టుకుంటారు. పైగా సాకు ఏటా కొత్తది కావాలి. నిజం ఒక్కసారి చెబితే చాలు.

తినే విషయంలో పౌలు 1 కొరింథీ 10లో మూడు సందర్భాలు విడివిడిగా చెప్పాడు. అంగడిలో అమ్మేది ఏమీ విచారించకుండా తినొచ్చు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించింది తినొచ్చు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి నిమిత్తం తినవద్దు. కాబట్టి ఆఫీసులో పక్క సీటాయన డబ్బా విప్పి పులిహోర పెడితే “ఇది నైవేద్యం పెట్టారా?” అని కూపీ లాగకండి. “అమ్మవారి ప్రసాదం” అని చేతిలో పెడితే అది వేరు. ఈ రెండింటి నడుమ వచ్చే సందేహాల్లో సంఘాలు ఒక్కలా లేవు. రోమా 14 ఉన్నదే అందుకు. పక్క సంఘం విశ్వాసి తిన్నాడని మీరు, మీరు తినలేదని అతను తీర్పు తీర్చుకోవద్దు.

చవితి చందా సంగతి. కుర్రాళ్ళు రసీదు పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాకా ఆగారంటే మళ్ళీ పళ్ళెం ముందు కూర్చున్నట్టే. పందిరి గుంజలు పాతకముందే వాళ్ళలో పెద్దవాణ్ణి పిలవండి: “తమ్ముడూ, విగ్రహానికీ పూజకీ నేను ఇవ్వలేను. వీధిలో మంచినీళ్ళ క్యాన్లు ఆ రోజులన్నీ నా లెక్క.” చెప్పాక రోజూ పొద్దున్నే క్యాన్లు అక్కడ ఉండాలి. ఒక్కరోజు తప్పినా మీరు డబ్బు మిగుల్చుకోవడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారని అనుకుంటారు. అపార్ట్‌మెంటులో పండగ ఖర్చు మెయింటెనెన్సులో కలిసిపోతే సంవత్సరం మొదట్లోనే సెక్రటరీగారితో మాట్లాడండి, పండగ వారం మీటింగులో లెక్కలు అడగకండి.

పని దగ్గర

ఆయుధ పూజే అన్నిటికన్నా గట్టి పరీక్ష. ఆటోనగర్లో లేతు మిషన్లకి, లారీలకి, గుంటూరు మిర్చి యార్డు కొట్లలో కాటాకి పూజ చేస్తారు. యజమాని హారతి తిప్పి పళ్ళెం పనివాళ్ళ వరసలోకి పంపుతాడు. ఆ వరసలో నిలబడి ఆఖరి క్షణంలో చేతులు వెనక్కి కట్టుకున్నవాడికి ఆ సాయంత్రం బోనసు ఇచ్చినా, మర్నాటి నుంచి పని సాగడం కష్టం. ఎందుకంటే యజమాని లెక్కలో అది ఆయన అన్నం పెట్టే మిషనుకి జరిగిన అపశకునం.

పది రోజుల ముందు, జీతాల రోజు కాకుండా చూసి, ఓనరుగారిని ఒంటరిగా కలవండి. “ముందురోజు సాయంత్రం నా మిషను నేనే కిరసనాయిలుతో కడిగి, కాటన్ వేస్టుతో తుడిచి, ఆయిలు పెట్టి అద్దంలా చేసి ఇస్తాను. పూజ టైములో గేటు దగ్గర ఉండి వచ్చే బళ్ళు, ఫోన్లు చూసుకుంటాను. హారతి, బొట్టు మాత్రం నాకు వద్దండి.” ఈ మాటకి ఒప్పుకోని యజమాని అరుదు. మేస్త్రీకి కూడా విడిగా చెప్పండి, ఎందుకంటే పళ్ళెం తిప్పేది ఆయనే. మిషను శుభ్రం చేసిన తీరులో వంక దొరక్కూడదు. ఆ రోజు సెలవు పెట్టి మాయమవకండి.

డ్రైవర్లు అడిగేది ఒకటుంది: చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు తియ్యమంటే? బండి నడపడం మీ ఉద్యోగం, తీయండి. గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టడం, హారతి తిప్పడం మీ ఉద్యోగం కాదు. 2 రాజులు 5లో సిరియా సేనాధిపతి నయమాను, రాజు తన చేతి మీద ఆనుకునే సేవలో రిమ్మోను దేవత గుడిలో వంగవలసి వస్తుందని చెప్పుకుంటే, ప్రవక్త ఎలీషా “నెమ్మదిగలిగి పొమ్మన్నాడు”. అది కూడా నయమాను ముందే చెప్పుకున్న మాట. ఇంతకన్నా దూరం వెళ్ళాలంటే మీ సంఘ కాపరితో కూర్చుని తేల్చుకోండి.

మీ సొంత బైకుకి అడక్కుండా ఎవరైనా పసుపు రాసి బొట్టు పెడితే అందరి ముందు గుడ్డ తీసి తుడవకండి. ఇంటికెళ్ళి కడుక్కోండి.

ఒకసారి చెప్పాక మనిషిని బట్టి మారకండి. ఆఫీసు బాయ్ తెచ్చిన ప్రసాదం వద్దని, ఎండీగారు తెచ్చింది కళ్ళకద్దుకుని తిన్నవాడి విశ్వాసానికి ఆ ఆఫీసులో ఇక విలువ లేదు.

ఇక మిగిలినవి

పిల్లల చేత చెప్పించకండి. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం, చాలా బడుల్లో సరస్వతీ పూజ. పుస్తకాలు పెట్టి దణ్ణం పెట్టమంటే ఏడేళ్ళ బిడ్డ ఒక్కడే ఎదురు నిలవాలా? వారం ముందు మీరు వెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. బిడ్డకి ఆ పూట బల్లలు సర్దే పనో, చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే పనో అడగండి.

తోటి పిల్లల దేవుళ్ళని వెక్కిరించే మాట మీ పిల్లాడి నోట వచ్చిందంటే అది మీ ఇంట్లో విన్నదే. ముందు మీ నోరు కట్టుకోండి.

“రాయి”, “బొమ్మ”, “అన్యులు” అన్న మాటలు గుమ్మం దాటకూడదు. ఎఫెసులో పౌలు బోధ మీద అంత అల్లరి జరిగినా ఊరి కరణం లేచి, వీళ్ళు మన దేవతను దూషింపలేదని సాక్ష్యం చెప్పగలిగాడు (అపొస్తలుల కార్యములు 19:37). మీ వీధి పెద్ద మీ గురించి ఆ మాట చెప్పగలడా?

పండగరోజు వాట్సాప్ స్టేటస్‌లో విగ్రహారాధన మీద వాక్యాలు పెట్టకండి. అపార్ట్‌మెంటు గ్రూపులో అసలే వద్దు. కావాలని మతభావాలను కించపరిచే రాతకి భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. 2024 జులై 1కి ముందు పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో ఇదే 295ఏ. ఫార్వర్డ్ చేశానంతే అన్న మాట స్టేషన్లో పనికిరాదు.

దర్శనం క్యూల్లో, స్నానఘట్టాల దగ్గర, నిమజ్జనం ఊరేగింపులో కరపత్రాలు పంచవద్దు.

దసరా రోజుల్లో వన్‌టౌన్ వైపు దారులు మళ్ళిస్తారు. ఆదివారం ఆరాధనకి గంట ముందు బయల్దేరండి. జనాన్ని విసుక్కుంటూ హారన్ కొట్టకండి.

మైకు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకరు వాడకూడదన్న నిబంధన పందిరికీ మన గుడారాల కూటానికీ ఒకటే. మన మైకు పదింటికి ఆగకపోతే వాళ్ళ మైకు గురించి నోరెత్తే హక్కు లేదు.

మాల వేసుకున్న సహోద్యోగి పక్కన కూర్చుని చేపల కూర విప్పకండి. 41 రోజులు మీ డబ్బా వేరే బల్ల మీద తింటే మీ విశ్వాసానికి వచ్చే నష్టం లేదు. ఆయన్ని “స్వామీ” అనలేకపోతే మొదటిరోజే చెప్పి, పేరు చివర గారు పెట్టి పిలవండి.

గుణదల మేరీమాత తిరునాళ్ళకి ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో హిందువులు కూడా వేలల్లో వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. “మేం మీ దగ్గరికి వస్తాం కదా, మీరెందుకు రారు?” అని పొరుగువారు అడుగుతారు. అడగటం న్యాయం. కోపం తెచ్చుకోకుండా, నాకు ఒక్క ప్రభువే అని చెప్పండి. వాదన పెంచకండి.

భర్త నమ్మని ఇంట్లో ఉన్న అక్కలు: అత్తగారి పూజగది తాళం మీద, దీపం కుందె మీద పోట్లాట పెట్టుకోవద్దు. సామాన్లు తోమండి, గది ఊడ్వండి, పూజ మీరు చేయలేనని పెళ్ళయిన మొదటి పండగకి ముందే చెప్పండి. మూడేళ్ళు చేసి నాలుగో ఏడు ఒక్కసారిగా మానేస్తే ఇంటికి జరిగిన ప్రతి కీడూ మీ నెత్తిన పడుతుంది. ఇప్పటికే చేస్తూ వచ్చినవారు పండగ ముందురాత్రి కాకుండా ఈ వారమే భర్తతో మాట్లాడండి.

తలకొరివి. అన్నిటికన్నా ఎక్కువ కుటుంబాలు ఇక్కడే విరిగిపోతాయి. తండ్రి హిందువు, కొడుకు విశ్వాసి. శవం వాకిట్లో ఉండగా కుండ పట్టుకోనంటే అన్నదమ్ములు, మేనమామలు, ఊరు, అంతా ఒకటై మీద పడతారు, తల్లి జన్మలో మరిచిపోదు. నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెప్పండి. మహాలయ పక్షంలో పెద్దలకి తర్పణాలు వదిలేటప్పుడు ఎలాగూ ఆ ప్రస్తావన ఇంట్లో వస్తుంది, అప్పుడే. “నాన్నా, మంత్రంతో చేసేది తమ్ముడు చేస్తాడు. పాడె నేను మోస్తాను. ఖర్చులో సగం నాది. పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లోనే ఉండి వచ్చినవాళ్ళందరికీ నేనే భోజనాలు చూస్తాను. అమ్మ నా దగ్గర ఉంటుంది.” తమ్ముడు లేకపోతే జ్ఞాతుల్లో ఎవరు చేస్తారో నాన్నగారి చేతే అనిపించండి. ఆయన కోప్పడతారు. కోప్పడనివ్వండి, మళ్ళీ వెళ్ళండి. బతికుండగా మందులు కొననివాడు చచ్చాక వాక్యం చెబితే ఎవరూ వినరు.

చెప్పినా గొడవైతే, ఉద్యోగం పోయేలా ఉంటే, ఒంటరిగా వాదించకండి. వీడియో తీయకండి, గుంపుని పిలవకండి. ఎవరికి, ఏ తేదీన, ఏమని ముందే చెప్పారో కాగితం మీద రాసుకుని, ఒక్క సంఘ పెద్దని తోడు తీసుకుని మర్నాడు వెళ్ళి కూర్చోండి. చేయి చేసుకుంటే మాత్రం ఆగొద్దు, 112కి ఫోన్ చేయండి.